వైడ్ సర్గాసో సీ: మాట్లాడేది ఎవరో పట్టుకోవడమెలా, తెలుగులోకి తేవడమెలా

నల్లమల:
వచ్చే నెల చదువుకి జీన్ రీస్ నవల ‘వైడ్ సర్గాసో సీ’ అనుకున్నాం కదా. 1966లో లండన్‌లో ఆంద్రే డాయిష్ సంస్థ వేసిన పుస్తకం. పలచనిదే, కానీ పరుగున చదివేది కాదు. షార్లట్ బ్రాంటీ 1847లో రాసిన ‘జేన్ ఎయిర్’లో మేడమీద తాళం వేసి ఉంచిన పిచ్చి భార్య బెర్తా కథని, ఆమె పుట్టిన దీవుల వైపు నుంచి చెప్పిన నవల. మొదలుపెట్టే ముందు మూడు సంగతులు తేలాలి. ‘జేన్ ఎయిర్’ 38 అధ్యాయాలూ చదివే తీరిక లేనివాళ్ళు ఏవి తప్పక చదవాలి? రీస్ నవలలో ఎక్కడ ఎవరు మాట్లాడుతున్నారు? కొన్ని పేజీలు తెలుగు చేసి చూద్దామంటున్నారు కొందరు. అందులో ఎక్కడ కాలు జారుతుంది?

పొగడపూలు:
మొదటిదానికి జవాబు: ఏడు అధ్యాయాలు. 11లో మూడో అంతస్తు నడవా, అక్కడ వినిపించే నవ్వు. 15లో ఆ ఇంటి యజమాని, బెర్తా మొగుడు రోచెస్టర్ మంచానికి నిప్పు. 20లో బెర్తా తోబుట్టువు రిచర్డ్ మేసన్‌కి కత్తిపోటు, పంటిగాటు. 25లో పెళ్ళి ముసుగు రెండుగా చిరగడం. 26లో ఆగిపోయిన పెళ్ళి. 27లో రోచెస్టర్ చెప్పుకున్న జమైకా కథ. 36లో సత్రం యజమాని నోట ఇల్లు కాలిన వైనం.

చదివేటప్పుడు ఒక్కటి గమనించండి. ఇంత నవలలో బెర్తా మనకి ఎదురుగా ఒక్క మాటా మాట్లాడదు. నవ్వు ఉంది, గొణుగుడు ఉంది, అరుపు ఉంది. 20వ అధ్యాయంలో మేసన్, నా గుండెలో నెత్తురంతా పీల్చేస్తానంది అని చెబుతాడు. అదీ అతని నోట విన్నదే. 27వ అధ్యాయంలోని జమైకా కథ మొత్తం రోచెస్టర్ ఏకపక్ష వాంగ్మూలం. రీస్ పట్టుకున్న దారప్పోగు ఇదే.

26లో లాయరు బ్రిగ్స్ చదివే కాగితం దగ్గర ఇంకాస్త ఆగాలి. స్పానిష్ టౌన్‌లో పెళ్ళి, వధువు పేరు బెర్తా ఆంత్వానెట్టా మేసన్, తండ్రి జోనస్ మేసన్ వర్తకుడు, తల్లి ఆంత్వానెట్టా ఒక క్రియోల్, అంటే దీవుల్లో పుట్టిన మనిషి. ఆ నడిమి పేరుని రీస్ బయటికి లాగింది. ఆమె నవలలో అమ్మాయి అసలు పేరు ఆంత్వానెట్. ‘బెర్తా’ అనేది మొగుడు తగిలించిన పేరు. మొగుడు పేరు మార్చడంలోనే నేరమంతా ఉందని చూపించడానికి బ్రాంటీ కాగితంలోని ఒక్క మాట చాలింది. నా లెక్కలో నవల మొత్తంలో ఇదే అన్నిటికన్నా గొప్ప ఎత్తు.

కోరంగి:
పొగడపూలు గారి పట్టిక సరైనదే, వరసతోనే నాకు పేచీ. బ్రాంటీని కొత్తగా చదివేవాళ్ళు ముందు రీస్‌నే చదవాలి. ముందు 27వ అధ్యాయం చదివినవాళ్ళు ప్రతి పేజీలోనూ పిచ్చి లక్షణాలు వెతుకుతారు. ఆంత్వానెట్ నవ్వినా, తాగినా, కోపం తెచ్చుకున్నా ‘అదిగో మొదలైంది’ అనుకుంటారు. సరిగ్గా ఆమె మొగుడు చేసే పని అదే.

పొగడపూలు:
కోరంగి గారూ, ఒప్పుకోలేను. ముందే తెలియకపోతే మూడో భాగం మొదటి రెండు పేజీలు గాలిలో వేలాడతాయి. గ్రేస్ పూల్ ఎవరు, ‘మిసెస్ ఎఫ్’ అంటే ఎవరు, ఈ పెద్ద ఇల్లేమిటి? ఎఫ్ అంటే ఆ ఇంటి పెత్తనం చూసే ఫెయిర్‌ఫాక్స్ అని రీస్ ఎక్కడా విప్పి చెప్పదు. మీరు చెప్పిన ప్రమాదం నిజమే. దానికి మందు రీస్‌ని రెండుసార్లు చదవడం, ఎలాగూ చిన్న పుస్తకం.

పగటిచుక్క:
రెండో ప్రశ్న, ఎవరు మాట్లాడుతున్నారు అన్నది. మొదటి భాగం అంతా ఆంత్వానెట్. జమైకాలో కూలిబ్రి తోట, బానిసత్వం రద్దయ్యాక పాడుపడిన ఇల్లు, మార్టినిక్ నుంచి వచ్చిన తల్లి ఆనెట్, తమ్ముడు పియెర్, దాది క్రిస్టఫీన్, నల్లవాళ్ళ పిల్ల, స్నేహితురాలు టియా. తర్వాత సవతి తండ్రి మేసన్, ఇల్లు కాలడం, కాన్వెంటు.

రెండో భాగం అన్నిటికన్నా పెద్దది. మొదలవగానే ‘నేను’ మారిపోతుంది. ఇప్పుడు మాట్లాడేది మొగుడు. విండ్‌వర్డ్ దీవుల్లో ఒకదానిలో, గ్రాన్‌బ్వా అనే ఇంటికి కొత్త దంపతులు గుర్రాల మీద వెళుతుంటారు. మధ్యలో హెచ్చరిక లేకుండా మళ్ళీ ఆంత్వానెట్ గొంతు వస్తుంది, ఆమె క్రిస్టఫీన్ దగ్గరికి గుర్రం మీద బయలుదేరే చోట. ఆ ఘట్టం అయ్యాక తిరిగి మొగుడే. ఆంత్వానెట్ సవతి అన్ననని చెప్పుకునే డేనియల్ కాస్వే రాసిన ఉత్తరం, మేజిస్ట్రేట్ ఫ్రేజర్ జవాబు కూడా ఈ భాగంలోనే.

మూడో భాగం వాలు అక్షరాలతో, ఆంత్వానెట్ గదికి కాపలా ఉండే గ్రేస్ పూల్ గొంతుతో మొదలవుతుంది. జీతం రెట్టింపు చేస్తామంటే ఒప్పుకుందట. ఆ తర్వాత చివరిదాకా ఆంత్వానెట్.

ఒక జాగ్రత్త. మొగుడికి నవలలో పేరే లేదు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. చర్చలో ‘రోచెస్టర్’ అంటే మనకి అర్థమవుతుంది కానీ, అనువాదంలో, ముందుమాటలో, అట్ట వెనక ఆ పేరు రాస్తే పని చెడుతుంది. అందరికీ పేర్లు పెట్టే మనిషికి రీస్ పేరు లేకుండా చేసింది.

తెలుగులో ఈ గొంతు మార్పులకి ఒక అనుకూలం ఉంది. ‘వెళ్ళాను, చూశాను’ అంటే ఆడా మగా తెలియదు, ఇంగ్లీషులోలాగే. హిందీలో అయితే మొదటి క్రియతోనే బయటపడిపోతుంది. కాబట్టి రెండో భాగం తొలి వాక్యాల్లో స్పష్టత కోసమని ‘నా భార్య’ అంటూ ముందే ఇరికించకండి. పాఠకుడు కాసేపు తడుముకోవాలి.

రెండోప్రతి:
సర్వనామాల మాట వచ్చింది కాబట్టి అసలు చిక్కు చెబుతాను. ‘జేన్ ఎయిర్’ 26వ అధ్యాయంలో బెర్తాని మొదటిసారి చూసినప్పుడు కథ చెప్పే జేన్ స్త్రీకి వాడే సర్వనామం వాడదు. జంతువుకీ వస్తువుకీ వాడేది వాడుతుంది. మృగమో మనిషో తెలియడం లేదంటుంది. ఇంగ్లీషు పాఠకుడికి అక్కడ ఒళ్ళు జలదరిస్తుంది.

తెలుగులో దానికి ‘అది’ పెడితే ఏమవుతుంది? మన ‘అది’ కుర్చీకీ, కుక్కకీ, చనువున్న లేదా చులకనైన ఆడదానికీ కూడా చెల్లుతుంది. ‘అది వచ్చింది’ అంటే పిల్లి కావచ్చు, చెల్లెలు కావచ్చు. క్రియ కూడా అంతే, ‘పాకింది, అరిచింది’ అన్నీ ఒకటే. మనిషి జంతువుగా దిగజారే ఆ మెట్టు తెలుగు వ్యాకరణంలో ముందే చదునైపోయి ఉంది. కాబట్టి జేన్ కళ్ళతో చూసే చోట ‘ఆ ఆకారం’, ‘ఆ జీవి’ అని మొదలుపెట్టి, రోచెస్టర్ ‘నా భార్య’ అన్న తర్వాత మాత్రమే ‘ఆమె’కి రావాలి. 

రీస్ నవలకి వస్తే ఇదే మన చేతిలో పనిముట్టు అవుతుంది. మొగుడి కథనంలో ఆంత్వానెట్‌ని మొదట ‘ఆమె’ అని నడిపించి, డేనియల్ ఉత్తరం తర్వాత అక్కడక్కడా పేరూ సర్వనామమూ రెండూ ఎగ్గొట్టి, రెండో భాగం చివరికి ‘అది’కి దించవచ్చు. ఇంగ్లీషులో ఆ మెట్లు లేవు, మనకి ఉన్నాయి. అయితే ఒక్కసారిగా దించితే మొరటుగా ఉంటుంది. తల్లి గురించీ, వంశంలో పిచ్చి గురించీ ఉత్తరం వచ్చేదాకా ‘ఆమె’ చెక్కుచెదరకూడదు.

పగటిచుక్క:
రెండోప్రతి గారూ, మొదటి సగం బంగారం. రెండో సగం మాత్రం అనువాదకుడు తన తీర్పు కలపడం కాదా? మూలంలో ఒకే సర్వనామం చివరిదాకా నడుస్తుంది. మొగుడి మాటల్లో మర్యాద పోదు. అతని క్రూరత్వమంతా ఆ మర్యాదలోనే ఉంది. ‘అది’ అని తిట్టేవాడైతే అతన్ని అసహ్యించుకోవడం తేలిక.

రెండోప్రతి:
నిజమే. ఆలోచిస్తే ‘ఆమె’నే చివరిదాకా ఉంచి, పేరు మార్పు మీదే బరువు వేయడం మేలు. మారియొనెట్, ఆంత్వానెట్, మారియొనెట్టా, ఆంత్వానెట్టా అని అతని మనసులో ఒక ప్రాస నడుస్తుంది. మారియొనెట్ అంటే కీలుబొమ్మ. తెలుగులో ‘కీలుబొమ్మ’ పెడితే అర్థం దొరుకుతుంది, ప్రాస పోతుంది. నా సలహా: పేర్లని అలాగే ఉంచి, ఆ పేరా చివర ఒక్కసారి ‘కీలుబొమ్మ’ అనిపించడం. పేజీ కింద సూచిక పెట్టకండి, ఆ చోట చదువు తెగకూడదు.

కోరంగి:
కాలం సంగతి కూడా పట్టించుకోవాలి. ‘జేన్ ఎయిర్’ 32వ అధ్యాయంలో జేన్ బంధువు సెయింట్ జాన్ కొత్తగా వచ్చిన పుస్తకమని ‘మార్మియన్’ తెచ్చి ఇస్తాడు. అది 1808 నాటి కావ్యం. ఆ లెక్కన బెర్తా పెళ్ళి ఇంకా పదిహేనేళ్ళు వెనక, నిండు బానిసత్వపు రోజుల్లో జరగాలి. రీస్ కథని ముందుకి జరిపింది. కాన్వెంటులో ఆంత్వానెట్ ఎర్ర దారంతో తన పేరు కుడుతుంది, కింద 1839 అని.

ఎందుకు జరిపిందంటే, ఆమెకి కావలసింది రద్దు తర్వాతి జమైకా. చట్టం 1833లో వచ్చింది, అమలు 1834 ఆగస్టు 1 నుంచి. ఆరేళ్ళ లోపు పిల్లలకి మాత్రమే వెంటనే విడుదల. మిగతావాళ్ళని అప్రెంటిస్‌లని పేరు మార్చి పాత యజమానుల దగ్గరే కట్టేశారు. అది 1838 ఆగస్టు 1న పోయింది. బ్రిటిష్ ప్రభుత్వం రెండు కోట్ల పౌన్లు నష్టపరిహారం ఇచ్చింది, బానిసలకి కాదు, యజమానులకి. నవల మొదటి పేజీలోనే పొరుగు తోట యజమాని లట్రెల్ ఆ డబ్బు కోసం ఎదురుచూసి చూసి, కుక్కని కాల్చి, సముద్రంలోకి ఈదుకుంటూ వెళ్ళిపోతాడు. ఈ వెనకటి కథ తెలియకపోతే అతనెందుకు చచ్చిపోయాడో అర్థం కాదు.

ఆ వెంటనే మేసన్ లాంటివాళ్ళు వస్తారు. ఇంగ్లండు నుంచి డబ్బుతో దిగి, చితికిన తోటలు చవగ్గా కొనేవాళ్ళు. పాత క్రియోల్ యజమానులకీ వీళ్ళకీ పడదు. నల్లవాళ్ళు ఇద్దరినీ నమ్మరు. ‘క్రియోల్’ అనే మాట దగ్గరా జాగ్రత్త, అక్కడ దాని అర్థం మిశ్రమ రక్తం అని కాదు, దీవుల్లో పుట్టినవాళ్ళు అని. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వాడతారు. ‘సంకరజాతి’ అని తెలుగు చేస్తే నవల తలకిందులవుతుంది.

ఇంకొకటి. ఇల్లు కాలడానికి కొంచెం ముందు, ఇక్కడివాళ్ళు పనిచేయరు, తూర్పు దేశాల నుంచి కూలీలని దింపుతానంటాడు మేసన్, భోజనాల దగ్గర, పనిమనిషి మైరా వింటుండగా. ఆమె ముందు అలా మాట్లాడకు అని పిన్ని కోరా అతన్ని హెచ్చరిస్తుంది. తర్వాత ఇంటికి నిప్పు పడుతుంది. ఆ కూలీలు ఎవరు? మనవాళ్ళే. జమైకాకి మొదటి ఓడ 1845లో వచ్చింది. కలకత్తా నుంచీ మద్రాసు నుంచీ మనుషుల్ని ఎక్కించారు. మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. మారిషస్‌కి మన కోరంగి నుంచే వెళ్ళారు, అక్కడ తెలుగువాళ్ళకి ఆ ఊరి పేరే మిగిలింది. ఒక్క వాక్యంలో దొర్లిపోయే ‘కూలీలు’ అన్న మాట దగ్గర తెలుగు పాఠకుడు ఆగకుండా వెళ్ళలేడు.

నల్లమల:
కోరంగి గారూ, చాలా ఉపయోగం. ఇంకో సందేహం: పెళ్ళికి ముట్టిన 30,000 పౌన్లని ‘కట్నం’ అనవచ్చా?

పొగడపూలు:
అనవచ్చు, మాట వెంటనే అందుతుంది కూడా. పెళ్ళికొడుకు ఇంటికి రెండో కొడుకు, ఆస్తి అన్నకి పోతుంది, తండ్రి డబ్బున్న సంబంధం చూసి దీవులకి పంపాడు. అంకె బ్రాంటీ 27వ అధ్యాయంలోదే. అయితే చట్టం మనది కాదు. మన ధర్మశాస్త్రంలో స్త్రీధనం పేరుకైనా ఆడదానిది. ఆనాటి ఇంగ్లీషు చట్టంలో పెళ్ళయిన క్షణాన భార్య డబ్బూ నగలూ మొగుడివి, ముందుగా వేరే దస్తావేజు రాయించుకుంటే తప్ప. అది మారడం 1870, 1882 చట్టాలతో మొదలైంది. రీస్ నవలలో ఆ దస్తావేజు కోసం సవతి తండ్రి కొడుకు రిచర్డ్ మేసన్‌తో పోట్లాడేది పిన్ని కోరా ఒక్కతే. ఓడిపోయి, తన ఉంగరాలు అమ్మాయి చేతిలో పెట్టి అతనికి చూపించకు అంటుంది. గ్రాన్‌బ్వా నుంచి ఆంత్వానెట్ ఎందుకు వెళ్ళిపోలేదు అని అడిగేవాళ్ళకి జవాబు ఇక్కడుంది. క్రిస్టఫీన్ వెళ్ళిపొమ్మనే చెబుతుంది. వెళ్ళడానికి ఆమె దగ్గర డబ్బు లేదు, చట్టం ప్రకారం అంతా అతనిదే.

దీని ప్రతిధ్వని మూడో భాగంలో వినిపిస్తుంది. ‘జేన్ ఎయిర్’ 20లో మేసన్‌కి కత్తిపోటు ఎందుకు పడిందో బ్రాంటీ చెప్పదు, పిచ్చిది కాబట్టి పొడిచింది, అంతే. రీస్‌లో గ్రేస్ పూల్ చెబుతుంది: నీకూ నీ భర్తకూ మధ్య చట్టరీత్యా నేను జోక్యం చేసుకోలేను అన్నాడట రిచర్డ్. ‘చట్టరీత్యా’ అన్న మాట దగ్గరే ఆమె మీద పడిందట. తెలుగులో ఆ ఒక్క మాట విడిగా వినబడాలి. ‘నాకు అధికారం లేదు’ అని మెత్తగా మార్చకండి.

పగటిచుక్క:
క్రిస్టఫీన్ భాష. ఆమె మార్టినిక్ మనిషి, ఫ్రెంచి పత్వా, అంటే దీవుల్లో కలగలిసిన ఫ్రెంచి వాడుక, మాట్లాడుతుంది, ఇంగ్లీషు తనదైన పద్ధతిలో. చాలామందికి మొదట తట్టేది ఏదో ఒక మాండలికం, ఉత్తరాంధ్రదో తెలంగాణదో. వద్దని నా మాట. పనిమనిషికీ విలన్‌కీ ఒక ప్రాంతం యాస అంటగట్టే అలవాటు మన సినిమాల్లో చాలాకాలం సాగింది. ఆ బరువంతా క్రిస్టఫీన్ నెత్తిన పడుతుంది. పైగా నవలలో అందరికన్నా సూటిగా ఆలోచించేది ఆమే.

రెండోప్రతి:
అలాగని పుస్తకాల తెలుగు ఇస్తే ఇంకా ఘోరం. మధ్యే మార్గం: పొట్టి వాక్యాలు, విభక్తులు తక్కువ, క్రియ ముందుకి రావడం, ‘అతను మంచోడు కాదు, చూశా నేను’ లాగా. ఏ జిల్లాదీ కాని వాడుక. పత్వా మాటలు, ‘బంగారం’ అన్నట్టుండే ముద్దు పిలుపు దుదు లాంటివి, అలాగే తెలుగు లిపిలో ఉంచాలి. తెల్ల క్రియోల్ మనుషుల్ని అనే ‘తెల్ల బొద్దింక’ తిట్టు మాత్రం మాటకి మాట దిగుతుంది, తెలుగులోనూ అంతే దెబ్బ.

క్రిస్టఫీన్ చేసే ‘ఒబియా’ని, ఆ దీవుల నల్లవాళ్ళ మంత్రవిద్యని, ‘చేతబడి’ చేయవద్దు. చేతబడికి హాని తప్ప వేరే అర్థం లేదు. ఒబియాలో వైద్యం ఉంది, రక్షణ ఉంది. జమైకాలో 1760 నాటి టాకీ బానిసల తిరుగుబాటు తర్వాత దాన్ని నేరం చేశారు, ఆ భయం తోట యజమానులది. అందుకే రెండో భాగం చివర ఫ్రేజర్ ఉత్తరం చేతిలో పట్టుకుని మొగుడు బెదిరిస్తే క్రిస్టఫీన్ వెనక్కి తగ్గవలసి వస్తుంది. అంతదాకా వాదనలో గెలుస్తున్నది ఆమే. సగం డబ్బు ఇచ్చేసి పిల్లని నాకొదిలిపో, ఆమె ఇంకొకరిని పెళ్ళాడి సుఖంగా ఉంటుంది అంటుంది. ‘ఇంకొకరు’ అనగానే అతనిలో అసూయ లేస్తుంది, పోలీసుల మాట వస్తుంది.

కోరంగి:
ఆ ఘట్టం తర్వాత ఆమె నవలలోంచి నడిచి వెళ్ళిపోతుంది, వెనక్కి చూడకుండా. దీని మీద విమర్శకురాలు గాయత్రి చక్రవర్తి స్పివాక్ 1985 వ్యాసంలో గట్టి అభ్యంతరం పెట్టింది. తెల్ల క్రియోల్ స్త్రీని కాపాడటానికి రాసిన నవలలో నల్ల స్త్రీకి అంచున తప్ప చోటు లేదని. మరో విమర్శకురాలు బెనితా పారీ 1987లో ఎదురు చెప్పింది, క్రిస్టఫీన్‌కి తన జ్ఞానం, తన మాట ఉన్నాయి, అది వినబడనిది కాదు అని. బార్బడోస్ కవి కామౌ బ్రాత్‌వెయిట్ అంతకు ముందే, 1974లో, టియాతో ఆంత్వానెట్ స్నేహాన్ని చరిత్ర నమ్మనివ్వదన్నాడు. 

నేను స్పివాక్ వైపు సగం, పారీ వైపు సగం. రీస్ డొమినికాలో 1890లో పుట్టింది, తల్లి వైపు తెల్ల క్రియోల్ కుటుంబం, పదహారేళ్ళకి ఇంగ్లండు వచ్చేసింది. ఆమెకి తెలిసినది కిటికీలోంచి కనిపించే క్రిస్టఫీన్. ఆ కిటికీ అవతల ఏముందో కల్పించి చెప్పకపోవడం నాకు నిజాయితీగానే అనిపిస్తుంది. ఇల్లు కాలిన రాత్రి టియా రాయి విసిరాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, ఒకరి మొహం మీద నెత్తురు, ఇంకొకరి మొహం మీద కన్నీళ్ళు, అద్దంలో చూసుకున్నట్టు. బ్రాత్‌వెయిట్ అన్నది అక్కడే రుజువవుతుంది. అద్దంలో చేయి కలపలేం.

అన్నట్టు, దంపతులు గ్రాన్‌బ్వాకి వెళ్ళేముందు ఆగే ఊరి పేరు మాసాకర్, అంటే ఊచకోత. డొమినికా పడమటి తీరాన నిజంగా ఉన్న ఊరు. 1674లో ఇంగ్లీషు దళం అక్కడి ఆదివాసుల్ని చంపింది. చనిపోయినవాళ్ళలో ఆదివాసి తల్లికి పుట్టిన ‘ఇండియన్’ వార్నర్ ఉన్నాడు, దళాన్ని నడిపిన ఫిలిప్ వార్నర్‌కి సవతి తమ్ముడని చెబుతారు. నవలలో మొగుడు ఎవరిని చంపారని అడిగితే ఎవరికీ గుర్తులేదంటుంది ఆంత్వానెట్. డేనియల్ అనే ‘సవతి అన్న’ ఉత్తరం రాబోయే కథకి ఆ ఊరు గుమ్మం.

నల్లమల:
పేరు సంగతి? ‘విశాల సర్గాసో సముద్రం’ అంటే తెలుగులో ఏమీ పలకడం లేదు.

పగటిచుక్క:
సర్గాసో సముద్రానికి ఒడ్డు లేదు. అట్లాంటిక్ మధ్యలో నాలుగు వైపులా ప్రవాహాలే దాని హద్దులు, లోపల సర్గాసమ్ అనే నాచు తేలుతూ ఉంటుంది. వెస్టిండీస్‌కీ ఇంగ్లండుకీ మధ్య దారిలో ఉంది. ఓడలు చిక్కుకుపోతాయని పాత నావికులు భయపడేవారు. ‘ఒడ్డులేని సముద్రం’ అంటే ఆమె స్థితి, సముద్రపు స్థితి రెండూ వస్తాయి. అట్ట మీద అది పెట్టి, కింద చిన్నగా అసలు పేరు తెలుగు లిపిలో ఇస్తే చాలు.

‘అటక’ అన్న మాట కూడా వదిలేయండి. మన అటక మీద పాత గంగాళాలు పెడతాం, మనిషి నిలబడలేడు. రోచెస్టర్ ఇల్లు థార్న్‌ఫీల్డ్‌లో బెర్తా గది మూడో అంతస్తులో, తెర వెనక తలుపుతో ఉంటుంది. అటకలు దానికి పైన ఉన్నాయి. ‘మేడమీది గది’ సరిపోతుంది.

రెండోప్రతి:
మూడో భాగంలో ఎర్ర గౌను దగ్గర మాత్రం అనువాదకుడికి వరం దొరికింది. చలిలో, చీకటి గదిలో ఆమె గౌను తీసి వాసన చూస్తుంది. ఆ వాసనలన్నీ మనకి తెలిసినవే. వట్టివేళ్ళు, దేవగన్నేరు, దాల్చినచెక్క, దుమ్ము, పూత మీదున్న నిమ్మచెట్లు. మొదటి మాటైతే ఇంగ్లీషులోకి మన దక్షిణాది నుంచే వెళ్ళింది, తమిళ వెట్టివేరు. ఇంగ్లీషు పాఠకుడికి అవి దూరదేశపు పరిమళాలు. మన పాఠకుడికి ఎండాకాలం కిటికీకి కట్టిన తడి తడిక. కాబట్టి ‘సుగంధాలు’, ‘పరిమళాలు’ లాంటి మాటలు దగ్గరికి రానివ్వకూడదు. ‘వాసన’ అంటే చాలు. ఆ దీవులు మనకి ఎంత దగ్గరో, ఆ గది ఎంత పరాయిదో ఆ ఒక్క పేరాలో తెలిసిపోతుంది.

పొగడపూలు:
కలల లెక్క ఒకటి చెప్పి వెళతాను. ఒకే కల మూడుసార్లు. మొదటిది చిన్నప్పుడు కూలిబ్రిలో, అడవిలో తనని ద్వేషించే ఎవరో వెంట ఉన్నారు. రెండోది కాన్వెంటులో, తెల్ల గౌను, ముందు నడిచే మగవాడు, చివర మెట్లు. మూడోది థార్న్‌ఫీల్డ్‌లో, మెట్లెక్కిన తర్వాత జరిగేది, మంట, కప్పు, కింద టియా పిలుపు. మూడింట్లో వచ్చే మాటలు ఒకటే ఉండాలి. మొదటి కలలో ‘మెల్లగా’ అన్నది మూడోదాంట్లో ‘నెమ్మదిగా’ అయితే ముడి తెగుతుంది. ముగ్గురు పంచుకుని అనువదిస్తే ఈ మూడు ఘట్టాలూ ఒక్కరే చేయండి.

ఇంకొకటి, నవల మంటతో ముగియదు. మంట కలలోనే. మెలకువ వచ్చాక ఆమె తాళంచెవి తీసుకుని, కొవ్వొత్తి ఆరిపోబోతే చేయి అడ్డుపెడుతుంది, చీకటి నడవాకి మళ్ళీ వెలుగు వస్తుంది. బ్రాంటీ 36వ అధ్యాయం ఇంకా జరగలేదు. చివరి వాక్యంలో ‘నడిచాను’ అని తేల్చేస్తే తలుపు మూసుకుంటుంది. కొవ్వొత్తి వెలుగు దగ్గరే ఆపాలి.

నల్లమల:
సరే, పనులు ఇలా పంచుకుందాం. మొదటి వారం మొదటి భాగం, రెండో మూడో వారాలు రెండో భాగం, నాలుగో వారం చివరి భాగంతో పాటు బ్రాంటీ ఏడు అధ్యాయాలు. కోరంగి గారు అన్నట్టు కొత్తవాళ్ళు ముందు రీస్‌తో మొదలుపెట్టండి. అనువాదంలో కలలు మూడూ రెండోప్రతి గారివి. క్రిస్టఫీన్, మొగుడు తలపడే ఘట్టం పగటిచుక్క గారు ముందు ఒక పేజీ చేసి ఇక్కడ పెట్టండి. ఆమె గొంతు కుదిరితేనే మిగతా పేజీలు మొదలుపెడదాం.